జిప్పక్క నీలం బ్యాగు

ఆ మూలనున్న నీలం బ్యాగు నాది కాదని చెబుతూ చెబుతూ మొన్న మధ్యలో ఆపేశాను కదూ? ఎవరో తలుపు కొట్టారు, లేచి వెళ్ళాను, తిరిగొచ్చేసరికి మాట ఎటో జారిపోయింది. ఇవాళ ఎవరు కొట్టినా తీయను. ఆ బ్యాగు జిప్పక్కది. అది మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు జిప్పక్క గురించి చెప్పాలి.

బస్సుస్టాండు వెనక గేటుకి ఎదురుగా, కళ్ళజోళ్ళ కొట్టుని ఆనుకుని బ్యాగులు బాగుచేసే సన్నటి షాపు ఒకటుంది. ముందు షాపు, మధ్యలో ఒక పరదా, వెనక ఇల్లు. జిప్పక్క వాళ్ళ నాన్న పెట్టిన షాపు అది. తమ్ముడు ముందు బల్ల దగ్గర కూర్చుని బ్యాగులు తీసుకుంటాడు, ఇస్తాడు, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతాడు. వెనక కుట్టుమిషను దగ్గర కూర్చుని అసలు పని చేసేది అక్క. ఆవిడకీ కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. కరెంటు మీటరు చూడటానికి వచ్చేవాడి దగ్గర్నుంచి అందరూ జిప్పక్కా జిప్పక్కా అంటుంటే ఆ పేరు ఏనాడో అలిగి వెళ్ళిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదమ్మా అని ఎవరైనా అడిగితే, "కొలత కుదరలేదు" అని నోట్లో దారం ముక్క కొరుకుతూ చెప్పేది. రెండోసారి అడిగినవాళ్ళు లేరు.

జిప్పు పడటం లేదంటూ వచ్చేవాళ్ళందరూ పళ్ళు పోయాయనే అనుకుంటారు. ఆవిడ పట్టకారుతో రన్నరుని రెండు పక్కలా ఒక్క నొక్కు నొక్కి, కొవ్వొత్తి ముక్క రుద్ది, సర్రున లాగి చూపించేది. "పళ్ళకేం కాలేదండీ, పట్టు సడలిందంతే" అనేది. పక్క కొట్టు అద్దాల బాబాయి అది విన్నప్పుడల్లా తన బోసినోరు చూపించి, "మరి నా సంగతేంటే అమ్మాయ్?" అనేవాడు. "మీకు పట్టు బాగానే ఉంది బాబాయ్, పట్టుకుంటే వదలరుగా" అని ఆవిడ. రోజూ అదే హాస్యం, రోజూ అదే నవ్వు.

ఆ షాపులో ఒక పద్ధతుంది, ఇది గుర్తుపెట్టుకోండి. బాగుచేసిన బ్యాగులో చింపిరి గుడ్డలు కూరి, నిండుగా, బొద్దుగా చేసి పై అరలో పెడతారు. అప్పుడే కుట్టు ఎంత బరువు ఆపుతుందో తెలుస్తుంది, బ్యాగు రూపూ చెడదు. ఇంకా బాగుచేయనివి నేలమీద చప్పగా పడుంటాయి. అంటే పై అరలో నిండుగా కనబడిందంటే పని అయిపోయినట్టే, పట్టుకెళ్ళొచ్చు. బ్యాగు తీసుకెళ్ళినవాళ్ళు ఆ గుడ్డలు ఇంటి దగ్గర తీసి, మళ్ళీ అటు వచ్చినప్పుడు తెచ్చిస్తారు. పాత లైనింగులు, చొక్కా చేతులు, కర్టెన్ అంచులు... ఊళ్ళో సగం ఇళ్ళు చూసొచ్చిన గుడ్డలు అవి.

జిప్పక్క మాత్రం ఏదీ చూడలేదు. చూడలేదంటే చూడలేదని కాదు, బ్యాగుల్లోంచి చూసేది. తిరగేసి దులిపితే అడుగు కుట్టులోంచి ఇసుక రాలేది. అంటే వీళ్ళు సముద్రానికి వెళ్ళొచ్చారన్నమాట. చక్రాలకి ఎర్రమట్టి, జేబు మూలలో ఎండిన పువ్వు, ఎక్కడిదో గడ్డిపరక. చేతిలో పని నడుస్తూనే ఉండేది, మనసు మాత్రం ఆ గడ్డి పట్టుకుని ఎక్కడెక్కడికో పాక్కుంటూ పోయేది. అన్నిట్లోకీ ఆవిడకి నచ్చింది ఇత్తడి జిప్పుల మీద పట్టే పచ్చటి చిలుం. కొండ మీద ఊరొకటుంది, ఆ ఊరెళ్ళొచ్చిన బ్యాగులకే అలా పట్టేది. లైనింగు ఎంత ఎండబెట్టినా తడి వాసన పోయేది కాదు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటే చెవుల్లో చల్లగా ఉండేదట. చెవుల్లో చలేంటి అని నన్నడక్కండి, ఆవిడ చెప్పిన మాట.

నా నీలం బ్యాగు జిప్పు కూడా అలాగే బిగుసుకుపోయింది. నేను ఆ కొండ ఊరికి మా స్కూలు పాత స్నేహితురాళ్ళతో వెళ్ళొచ్చాను. బ్యాగిచ్చి ఊరుకోవచ్చుగా, ఊరుకుంటే నేనెందుకవుతాను? మధ్యాహ్నం కిటికీ తెరిచి పెడితే మబ్బు గదిలోకి వచ్చిందనీ, మంచం మీది దుప్పటి తడిపి, అద్దం తుడిపేసి, అటు తలుపులోంచి వెళ్ళిపోయిందనీ చేతులు తిప్పుతూ చెప్పాను. జిప్పక్క మిషను ఆపేసింది.

"పిలవకుండానే వచ్చేస్తుందా టీచరమ్మా?"

"పిలవకుండానే."

"వెళ్ళేటప్పుడు చెప్పదా?"

"చెప్పదు."

"ఎంత మర్యాదో" అంది జిప్పక్క.

ఇంకో మాట కూడా అంది, గొంతు తగ్గించి. పొద్దున లేస్తూనే పరదా అవతల నుంచి 'అక్కా', వంటింట్లోంచి 'వదినా', వీధిలోంచి 'జిప్పక్కా'. వీళ్ళమీద కోపమేమీ లేదు, పాపం. కానీ ఎవరూ పిలవని పొద్దున ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూడాలి. ఎవరూ పిలవకపోతే తను ఏ వేళకి లేస్తుందో, లేచి ముందు ఏం చేస్తుందో తనకే తెలీదట. ఈ వయసొచ్చాక అదైనా తెలుసుకోకపోతే ఎలా అంది.

అంతకుముందు ఒకసారి బయల్దేరబోయింది. సర్దుకున్నాక తమ్ముడికి జ్వరం. ఇంకోసారి సర్దుకున్నాక మరదలి చెయ్యి బెణికింది. సర్దడం, విప్పడం. ఈసారి కూడా విప్పితే ఇక సర్దనని ఆవిడ ఎవరితోనూ అనలేదు గానీ లోపల గట్టిగానే అనుకుంది.

ఈసారి బ్యాగు కూడా తనే కుట్టుకుంది. నా బ్యాగు విప్పి, కొలతలు చూసి, అదే నీలం కాన్వాసు తెప్పించి, అచ్చు దానిలాగే. పక్కపక్కన పెడితే కవల పిల్లలు. ఒక్కటే తేడా. తన బ్యాగు లోపల ఒక చిన్న జేబు అదనంగా వేసుకుంది.

"ఇదెందుకు వదినా?" అంది మరదలు.

"ఏమో. అక్కడేదైనా దొరికితే పెట్టుకోవడానికి."

"అక్కడ ఏం దొరుకుతుంది?"

"తెలిస్తే ఇక్కడే కొనుక్కునేదాన్నిగా."

భోజనం చేశాక రోజూ కాసేపు బస్సుస్టాండుకి వెళ్ళి కూర్చునేది. ఆ కొండ ఊరి బస్సు ఆగే చోట, స్తంభం పక్క బల్ల మీద. బస్సు రావడం, జనం ఎక్కడం, కండక్టరు తలుపు చరచడం అన్నీ చూసేది. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, తనే దిగొచ్చినట్టు నెమ్మదిగా లేచి వచ్చేది. ఒకరోజు కిటికీ పక్క సీట్లో ఎవరో ఆవిడ నిద్రపోతూ కనిపించింది. "అయ్యో, ఎక్కగానే నిద్రపోతోంది, ఇంకెందుకు వెళ్ళడం!" అని మిషను దగ్గరికొచ్చాక కూడా బాధపడింది.

ఇక ఇంట్లో సంబరం వినాలి మీరు.

తమ్ముడు మొదట నవ్వాడు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట! సంత దాకా వెళ్ళి దారి తప్పావు కదే అక్కా."

"దారి తప్పలేదురా. ఆ దారి బాగుంది, వెళ్ళాను."

తర్వాత నిజంగానే వెళుతోందని అర్థమయ్యాక అతని నవ్వు ఆరిపోయింది. చెడ్డవాడు కాదు, అక్క లేని షాపు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడనివాడు. భయాన్ని భయమని చెప్పడం రాక, పోయి ఒక టార్చిలైటు తెచ్చి బ్యాగులో పెట్టాడు. మర్నాడు తాళం, గొలుసు. బస్సులో బ్యాగుని సీటుకి కట్టేయాలట. మరదలు ఉన్ని దుప్పటి పెట్టింది, మందుల డబ్బా పెట్టింది, వేడినీళ్ళ సంచీ పెట్టింది. అద్దాల బాబాయి పాత కళ్ళజోడొకటీ, దూరం చూసే బైనాక్యులరొకటీ పట్టుకొచ్చాడు.

"ఇదెందుకు బాబాయ్?"

"కొండ మీంచి చూస్తే మన వీధి కనబడుతుందేమోనే అమ్మాయ్."

"మన వీధి చూడ్డానికైతే ఇక్కడే ఉంటాగా!"

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళమనే రకాలు అందరూ. చివరికి మరదలు అలారం గడియారం తెచ్చింది. ఎర్రటిది, పిడికిలంత ఉంటుంది గానీ దాని గొంతు వింటే ఊరంతా లేస్తుంది.

"పొద్దున్నే లేపడానికి అక్కడ ఎవరుంటారు వదినా? ఇదుంటే నేను పిలిచినట్టే అనుకో."

జిప్పక్క ఆ గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరూ పిలవని పొద్దున కోసం వెళుతుంటే పిలుపుని బ్యాటరీ వేసి మరీ చేతికిచ్చారు. ఇష్టంగా ఇచ్చినదాన్ని కాదనడం ఆవిడకి చేతకాదు. పైగా మరదలు దాన్ని ఎక్కడ పెట్టిందనుకున్నారు? ఆ ఖాళీ జేబులో. సరిగ్గా పట్టిందని మురిసిపోయింది కూడా.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం తమ్ముడు బ్యాగు ఎత్తి చూశాడు. ఎత్తి, దించి, నడుం పట్టుకున్నాడు.

"అక్కా, ఇంత బరువు నువ్వెలా మోస్తావే? కుదర్దు. నేను కూడా వస్తా."

"ఆయనొక్కరూ వచ్చి ఏం చేస్తారు? దారిలో నిద్రపోతారు" అంది మరదలు. "నేనూ వస్తాను వదినా. ఒక వారం షాపు మూసేద్దాం. పిల్లలెవరూ లేరుగా మనకి, ఏడ్చేవాళ్ళెవరు?"

చూశారా, బరువు పెట్టిందీ వాళ్ళే, బరువుగా ఉందని తోడొస్తామన్నదీ వాళ్ళే! జిప్పక్కకి నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళు మండాయి. వద్దంటే ఆ ఇద్దరి ముఖాలూ ఎలా వాడిపోతాయో తెలుసు. రమ్మంటే ఆ కొండ మీద కూడా పొద్దున్నే 'అక్కా' అనీ 'వదినా' అనీ వినబడుతుంది. మబ్బు వచ్చి తలుపు దగ్గరే ఆగి, ఇక్కడ జనం ఉన్నారే అని తిరిగి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళిపోతున్న మబ్బు ఆవిడ కళ్ళకి కట్టింది.

"చూద్దాంలే" అంది. ఆ ఇంట్లో 'చూద్దాంలే' అంటే సగం ఒప్పుకున్నట్టే. తమ్ముడు సంబరపడిపోయి తన చెప్పులు తుడుచుకున్నాడు.

అన్ని రోజులూ ఆ బ్యాగు మంచం కిందే ఉండేది. ఇంతమంది ఇన్ని కూరాక ఇక అది మంచం కింద పట్టలేదు. నడిచే దారికి అడ్డమవుతుందని, తమ్ముడు పెరట్లో ఆ చెప్పుల పనిలో ఉండగానే, జిప్పక్క దాన్ని ఈడ్చుకొచ్చి షాపులో పై అరలో పెట్టింది. దాని వెనకే నా బ్యాగు, బాగుచేసి గుడ్డలు కూరినది. పెట్టేసి, చివరిసారిగా బస్సుస్టాండు బల్ల మీద కూర్చోవడానికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే నేను అటు వెళ్ళాను. బ్యాగు అయిందా బాబూ అన్నాను. తమ్ముడు తల ఎత్తి చూశాడు. పై అరలో నీలం బ్యాగు నిండుగా ఉంది. అక్క బ్యాగు మంచం కింద ఉందని కదా అతని లెక్క. చేతికి దగ్గరగా ఉన్నది దించి ఇచ్చాడు.

"ఇంత బరువుందేంటి బాబూ?"

"మా అక్క గుడ్డలు కూరితే అంతే టీచరుగారూ, రాయిలాగా కూరుతుంది. ఇంటికెళ్ళి తీసేసి, తీరుబడిగా తెచ్చివ్వండి."

పక్క సందుకే అయినా రిక్షా వేసుకుని తెచ్చుకున్నాను. తెచ్చి ఆ మూలన పెట్టాను. అంతే.

మొదటి బస్సు అందుకోవాలని ఇంకా తెల్లవారకముందే జిప్పక్క లేచింది. ఎవరూ లేపకుండా లేచింది గానీ అది లెక్కలోకి రాదు, ఆ రాత్రి సరిగ్గా నిద్రపోతేగా! ముఖం కడుక్కుని, టిక్కెట్టూ డబ్బులూ ఫోనూ ఉన్న చిన్న సంచీ భుజాన వేసుకుని, చీకట్లోనే పరదా తప్పించి షాపులోకి వచ్చింది. తమ్ముణ్ణి లేపాలా, వద్దా అని అడుగడుగుకీ ఆగింది. పై అరకి చెయ్యి చాపి పిడి పట్టుకుంది. ఎత్తింది.

చెయ్యి గాల్లోకి లేచిపోయింది.

ఇన్నేళ్ళుగా బ్యాగులెత్తిన చెయ్యి అది. దీపం వెయ్యక్కర్లేదు. ఇది టీచరమ్మది, తనది కాదు. తనది ఎక్కడ ఉండాలో కూడా వెంటనే తెలిసిపోయింది. టీచరమ్మ ఇల్లు పక్క సందే. వెళ్ళి తలుపు కొడితే టీచరమ్మ లేస్తుంది, వీధి లేస్తుంది, తమ్ముడు లేస్తాడు. బరువు తిరిగొస్తుంది, బరువు వెంట ఇద్దరూ వస్తారు.

పరదా అవతల తమ్ముడి గురక వినిపిస్తోంది. చిన్నప్పటి నుంచీ విన్న గురకే, ఒకచోట తెగి, మళ్ళీ అందుకుంటుంది. జిప్పక్క చీకట్లో ఆ బ్యాగుని ఒకసారి ఇటు ఊపింది, ఒకసారి అటు ఊపింది. బడి వదిలాక పిల్లలు సంచీ ఊపుతారే, అలా. అలా ఊపుకుంటూనే తలుపు తీసింది.

"ఒక్కరేనా?" అన్నాడు కండక్టరు.

"ఒక్కదాన్నే."

"సామాను పైన పెట్టనా?"

"వద్దు బాబూ, ఒళ్ళో పెట్టుకుంటా. దీనికి బరువు లేదు."

కిటికీ పక్క సీటు. స్తంభమూ, స్తంభం పక్క బల్లా వెనక్కి జరిగాయి. బల్ల మీద ఎవరూ లేరు. రోజూ అక్కడ కూర్చుని చూసే మనిషి ఇవాళ బస్సులో ఉందిగా మరి! మలుపు తిరిగేటప్పుడు ఆవిడ ఆ ఖాళీ బల్లకి చెయ్యూపింది.

ఇక ఇక్కడ మా ఇంట్లో, ఎండ పొడ ఇంకా రాలేదు, ఆ మూల నుంచి బ్యాగు మోగింది! ఉలిక్కిపడి లేచాను. గుడ్డలు మోగుతాయటండీ ఎక్కడైనా? చెవి పెట్టి విన్నాను. లోపల గడియారం. అప్పుడర్థమై షాపుకి ఫోన్ చేశాను. తమ్ముడు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఇచ్చేయండి టీచరుగారూ, తర్వాతి బస్సులో నేనే వెళ్ళి ఇచ్చొస్తాను. దుప్పటి లేకుండా, మందుల్లేకుండా మా అక్క చచ్చిపోతుంది!"

నిజంగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇచ్చేసేదాన్నే. అంతలో అతని జేబులో ఫోన్ మోగింది. జిప్పక్కే. దారిలో బస్సు టీకి ఆగిందట.

"అక్కా! నీ బ్యాగు మారిపోయిందే! నా తప్పేనే!"

"తెలుసురా. ఎత్తగానే తెలిసింది."

"తెలిసీ వెళ్ళిపోయావా?"

"బరువుందని కదరా తోడొస్తానన్నావు? ఇప్పుడు బరువు లేదుగా."

అతను ఫోన్ నా చేతికిచ్చి గోడకి చేరబడ్డాడు.

"టీచరమ్మా, నేనొచ్చేదాకా ఆ బ్యాగు మీ దగ్గరే ఉండనివ్వండి. వాడు ఏడ్చినా ఇవ్వకండి."

"మరి చలి సంగతి?"

"మీ బ్యాగు నిండా గుడ్డలున్నాయి. సూదీ దారం నా దగ్గరుండనే ఉన్నాయి" అంది. ఉన్నాయని నాకూ తెలుసు. జాకెట్టు అంచుకి సూది గుచ్చుకోకుండా ఆవిడ గడప దాటదు.

తమ్ముడికి టీ ఇచ్చాను. తాగాడు. వెళుతూ వెళుతూ ఆ బ్యాగు మీద ఒకసారి చెయ్యేసి, "కుట్టు మాత్రం గట్టిగా వేసుకుంది" అన్నాడు. ఇంతకుముందు బల్ల మీద నుంచే కేకేసేవాడా, ఇప్పుడు పరదా తీసి మిషను వైపు చూసి, కేకేయబోయి, తనే లేచి వెళ్ళి రన్నర్లు నొక్కుతున్నాడట. నాలుగు జిప్పులకి ఒకటి పడుతోందని మరదలు చెప్పింది.

అక్కడ జిప్పక్క కిటికీ దగ్గర కూర్చుని గుడ్డలన్నీ మంచం మీద పరిచిందట. ఇది పాటల మేష్టారి పెట్టె లైనింగు, ఇది నర్సమ్మ సంచీ, ఇది నాన్న ఉన్నప్పటి పరదా ముక్క... ఒక్కొక్కటీ గుర్తుపట్టి, దీనికి దాన్ని అతికిస్తూ దుప్పటి కుట్టుకుంటోంది. అదే కప్పుకుని, అందులో కుట్టని చివర ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ కుడుతోంది. మొదటి రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఈ మాటలు చెప్పి పెట్టేసింది. మర్నాడు తను ఏ వేళకి లేచిందో, లేచి ముందు ఏం చేసిందో, అది మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

గడియారం సంగతా? అది ఇప్పటికీ రోజూ మోగుతోంది. విప్పి బ్యాటరీ తీసేయొచ్చు, తెలుసు. కానీ ఇంకొకరు సర్దుకున్న బ్యాగు విప్పడానికి నాకు చెయ్యి రాదు. పైగా అది మోగగానే లేచి మేడ మీదకి వెళ్ళి ఆకాశం చూడటం నాకు అలవాటైపోయింది. మన మబ్బులు ఎక్కడో పైనే ఉంటాయి, గదుల్లోకి రావు. అయినా తూర్పు కిటికీ తెరిచే పెడుతున్నాను.

ఆవిడకి ఫోన్ చేయాలి. ఎప్పుడొస్తావని అడగను, తమ్ముడు తిండి సరిగ్గా తినడం లేదనీ చెప్పను. మబ్బు గదిలోకి వచ్చిందా అని ఒక్కటే అడుగుతాను. పొద్దున మాత్రం చెయ్యను, పొద్దున ఆవిణ్ణి ఎవరూ పిలవకూడదు కదా. భోజనాలయ్యాక, ఆ కొండ ఊరి బస్సు మన స్టాండులోంచి బయల్దేరే వేళకి చేస్తాను.